పడకగది సామాను బిగింపు: బద్ధకస్తుల చేతిపుస్తకం

2018 ఆగస్టు 9 దాకా హైదరాబాదు మగవాడి బతుకు సుఖంగానే సాగింది. మంచం కావాలంటే టేకు కర్ర కొని వడ్రంగికి అప్పజెప్పేవాడు. బీరువా కావాలంటే ఇనుపది కొనేవాడు. నలుగురు హమాలీలు దాన్ని మెట్ల మీదుగా మోసుకొస్తుంటే ఇంటాయన ముందు నడుస్తూ "జర చూస్కోండ్రి, గోడ గీసుకుంటది" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆయన వంతు పని తీరిపోయేది. ఆ ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచింది, నాలుగు లక్షల చదరపు అడుగుల్లో. అప్పటినుంచి మన ఊళ్లో మంచం మంచంగా రావడం తగ్గిపోయి, అట్టడబ్బాల్లో ముక్కలుగా వస్తోంది. ఒక్క ఐకియానే అనుకోవద్దు, ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గర కొన్నా అదే వరస. వంకర అలెన్ కీ ఒకటి చేతిలో పెట్టి, మిగతాది మీరే చూసుకోండి అంటున్నారు.

చూసుకుందాం. ముందు మన గురి ఎక్కడో తేల్చుకోవాలి. మంచం సరిగ్గా బిగించినవాడికి దక్కేదేమిటి? వచ్చే ఆదివారం బీరువా. ఆ పై ఆదివారం కర్టెన్ రాడ్లు. ఆ తర్వాత మరదలి ఇంట్లో టీవీ స్టాండు. ఒక్కసారి పని వచ్చని తెలిస్తే జన్మంతా వెట్టి. కాబట్టి మనకు కావలసింది మంచం కాదు. ఆదివారం దీపాలవేళకు ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా "ఇంక ఈయనకి ఏ పనీ చెప్పొద్దు" అని తీర్మానం చెయ్యాలి. అదీ విజయం.

ఈ సూచనలు మాసబ్ ట్యాంక్, విజయనగర్ కాలనీ, శాంతినగర్ పాత అపార్ట్‌మెంట్లను మనసులో పెట్టుకుని రాసినవి. అమీర్‌పేట, పంజాగుట్ట వారూ వాడుకోవచ్చు. అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచం వేశాక మనిషి నిలబడే చోటుండదు గనక అక్కడ ఫలితం ఇంకా త్వరగా వస్తుంది.

1. కొనేముందు గది కొలవకండి. టేపు పట్టుకున్నవాణ్ని చూస్తే ఇంట్లోవాళ్లకు ఆశ పుడుతుంది. కంటితో చూసి "పడుతుంది లే" అనండి. పాత అపార్ట్‌మెంట్ మెట్ల మలుపులో ఆరున్నర అడుగుల డబ్బా తిరగదు, లిఫ్టులో నిలబడదు. ఇవి ఇంటికొచ్చాక తెలిస్తేనే అందం. అరగంట సేపు డబ్బా రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుని ఉంటే పైవాళ్లు కిందికి, కిందివాళ్లు పైకి వెళ్లలేక మీకు పరిచయమవుతారు. అసోసియేషన్ మీటింగులకు వెళ్లకుండానే ఇరుగుపొరుగు తెలిసే మార్గం ఇదొక్కటే.

2. దుకాణం వాళ్లు డబ్బు తీసుకుని ఇంటికి తెచ్చిస్తామంటారు, మనిషిని పంపి బిగిస్తామంటారు. రెంటికీ వద్దనండి. "మనకు చేతులు లేవా?" అని గట్టిగా, బిల్లింగు లైనులో నలుగురూ వినేటట్టు అనండి. ఆ మాటకు మీ ఆవిడ మీవైపు చూసే చూపు పెళ్లయిన కొత్తలోది. సాయంత్రం దాకా నిలవదు, ఉన్నంతసేపు అనుభవించండి.

తర్వాత అక్కడి వెయ్యి సీట్ల రెస్టారెంటులో తీరిగ్గా భోంచెయ్యండి. సామాను కొనడానికి గంట, తినడానికి రెండు గంటలు కేటాయించడం అనుభవజ్ఞుల లెక్క. బయటికి వచ్చేసరికి మబ్బు పట్టి ఉంటుంది. డబ్బాలను మిత్రుడి కారు పైన నైలాన్ తాడుతో కట్టి, టార్పాలిన్ కప్పకుండా షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి, టోలీచౌకీ, మెహిదీపట్నం మీదుగా రండి. ఈ పలకల్లో చాలావరకు చెక్కపొట్టును జిగురుతో కలిపి ఒత్తి చేసినవే. అంచుల్లోంచి నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఎండినా మళ్లీ పాత మందానికి రావు. మీరింకా ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు, సగం పని వాన చేసిపెట్టింది.

ఇలా కారులో తేవడానికే ఈ సామాను పుట్టింది మరి. 1956లో ఐకియాలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన ఒక బల్లను కారులో పట్టించలేక దాని కాళ్లు ఊడదీశాడట. ఊడదీయడం ఆయన వంతు. బిగించడం ప్రపంచంలో మిగతా మగవాళ్ల వంతు అయింది. ఇద్దరిలో తెలివైనవాడెవరో మీకు వేరే చెప్పాలా?

3. డబ్బాను కూరగాయల కత్తితో, లోపలి పలక దాకా దిగేటట్టు కొయ్యండి. అట్టను వెంటనే చెత్త ఎత్తే అబ్బాయికి ఇచ్చెయ్యండి. లేకపోతే ఎవరో ఒకరు దాన్ని నేలమీద పరిచి పలకలు గీసుకుపోకుండా చూద్దామంటారు. సరిపడలేదని సామాను తిప్పి పంపే దారి కూడా దాంతో చాలావరకు మూసుకుపోతుంది.

స్క్రూల పొట్లాల మీద నంబర్లుంటాయి. అన్నీ చింపి ఒకే స్టీలు గిన్నెలో పొయ్యండి. పొడుగువి, పొట్టివి, చెక్క పిన్నులు, తిరుగుడు లాకులు అన్నీ కలిసిపోవాలి. గిన్నెను నడిచే దారిలో పెట్టండి. పిల్లలున్న ఇల్లయితే ఇక మీరు చెయ్యవలసింది ఏమీ లేదు. ఒక్క స్క్రూ ఫ్రిజ్ కిందికి పోయిందంటే మధ్యాహ్నం దాకా నెట్టుకురావచ్చు: "ఆ ఒక్కటీ దొరికితే గాని ముందుకు కదలదు."

4. సూచనల పుస్తకం తెరవకండి. బిగించే విధానం గురించి అందులో ఒక్క మాట ఉండదు, అన్నీ బొమ్మలే. ఏ దేశంలో అమ్మినా అనువాదం అక్కర్లేకుండా అలా వేశారు. "తెలుగులో ఎందుకు ఇవ్వరు? ఇది భాషకు అవమానం" అని పట్టుపట్టండి. ఎవరైనా అది ఏ భాషలోనూ లేదని గుర్తు చేస్తే, "అదే నేననేది" అనండి. మొదటి పేజీలో ఒంటరిగా దిగాలుగా ఉన్న మనిషి బొమ్మకు ఇంటూ కొట్టి ఉంటుంది, పక్కన ఇద్దరు మనుషులు నవ్వుతూ ఉంటారు. ఆ ఒక్క బొమ్మను మాత్రం మనసులో పెట్టుకోండి. పుస్తకంలోని మిగతా పేజీలు మిర్చిబజ్జీల నూనె పీల్చుకోవడానికి సరిపోతాయి.

5. ఆ రెండో మనిషి మీ బావమరిదే అయి ఉండాలి. ఈ సూత్రానికి మినహాయింపు లేదు. స్నేహితుడైతే తప్పు మీదంటాడు, తమ్ముడైతే అమ్మకు చెబుతాడు. బావమరిది మీ ఆవిడ తరఫు మనిషి. అతను చేసిన తప్పుకు మిమ్మల్ని ఆవిడ ఒక్క మాట అనలేదు.

పొరబాటున కూడా పక్కింట్లో అద్దెకున్న పాలిటెక్నిక్ కుర్రాణ్ని పిలవకండి. మాసబ్ ట్యాంక్‌లో ఉండే పెద్ద చిక్కు ఇదే. ఇటు ప్రభుత్వ పాలిటెక్నిక్, అటు ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. వీధికి ఇద్దరు చొప్పున పని తెలిసినవాళ్లు తిరుగుతుంటారు. పాలిటెక్నిక్ కుర్రాడు నలభై నిమిషాల్లో మంచం బిగించి, టీ తాగి, "థాంక్స్ ఆంటీ" అని వెళ్లిపోతాడు. తర్వాత పదేళ్లపాటు ఇంట్లో మీకు పోలిక అతనితోనే. ఆర్కిటెక్చర్ విద్యార్థి అంత ప్రమాదం కాదు. అతను మంచం బిగించడు, మంచం ఎందుకుండాలో అడుగుతాడు.

బావమరిదితో సంభాషణ ఇలా నడిపించండి:

"బావా, ఈ పలకకు రంధ్రాలు బయటివైపు ఉన్నయేంది?"

"గాలి ఆడ్డానికి రా."

"మరి బొమ్మల లోపలికున్నయ్?"

"అది స్వీడన్ బొమ్మ. అక్కడ చలి."

ఇంత ధీమాగా చెబితే ఎవరూ ఎదురు చెప్పరు.

6. మంచంతో పాటు సొరుగుల బీరువా కూడా కొన్నారనుకోండి. దాని ఎడమ పలక, కుడి పలక వేరువేరు. చూడ్డానికి ఒకటే, రంధ్రాలు మాత్రం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. మార్చి పెట్టండి. ఆ తప్పు వెంటనే బయటపడదు, అదే దీని మహిమ. బిగింపులో పదిహేడు అంచెలు దాటాక, సొరుగుల పట్టాలు బిగించే వేళకు ఒక సొరుగు గోడవైపు తెరుచుకుంటుంది. అప్పుడు మొత్తం విప్పాలి. విప్పేటప్పుడు "నేనప్పుడే అన్నా" అనండి. ఎప్పుడు అన్నారో ఎవరికీ గుర్తుండదు.

7. గుండ్రటి తిరుగుడు లాకుల మీద చిన్న బాణం గుర్తుంటుంది. అది ఎదురు పలకలోంచి వచ్చే బోల్టు తలవైపు చూస్తేనే తల లోపలికి దూరుతుంది, సగం చుట్టు తిప్పితే పట్టు బిగుస్తుంది. బాణాలన్నీ తలా ఒక దిక్కుకు పెట్టండి. దూరకపోతే పచ్చడి బండ తెచ్చి కొట్టండి. ఈ పొట్టుపలక దెబ్బను తట్టుకోదు, మూల పెచ్చులూడిపోతుంది. పెచ్చులూడిన మూలను గోడవైపు తిప్పడానికే దేవుడు గదులకు గోడలు పెట్టాడు.

8. అలెన్ కీతో చేత్తో తిప్పితే చెయ్యి నొప్పి. డ్రిల్ మిషన్ అరువు తెచ్చి పూర్తి వేగంతో తిప్పండి. "టక్" అనే దాకా వదలకండి. ఆ శబ్దం స్క్రూ బిగుసుకున్నదనుకుంటారు అమాయకులు. రంధ్రం లోపలి పొట్టు రాలిపోయి, ఇక ఈ జన్మలో అక్కడ ఏ స్క్రూ నిలవదని దాని అర్థం. టేకు కర్రయితే పక్కన ఇంకో రంధ్రం వేసుకోవచ్చు. ఇక్కడ ఆ బాధ లేదు. అప్పుడు "ఫెవికాల్ తే" అని కేక వెయ్యండి. ఫెవికాల్ పచ్చి చెక్కను పట్టుకుంటుంది గాని పైనున్న నున్నటి లామినేట్‌ను పట్టుకోదు. కాబట్టి లామినేట్ మీదే ధారాళంగా పొయ్యండి.

9. బీరువా వెనకవైపు వేసే పల్చటి అట్టలాంటి పలకకు మేకులు కొట్టకండి. అంత పల్చటిది ఏం మోస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి బీరువా నాలుగు మూలలూ ఒరగకుండా పట్టి ఉంచేది అదే. అది లేకపోతే బీరువా మెల్లగా ఒక పక్కకు వాలుతుంది, తలుపులు ఒకదానికొకటి అందవు. రెండు డజన్ల మేకులు మిగులుతాయి. ఆ మేకులను క్యాలెండర్లకు వాడుకోండి.

10. బీరువాను పడుకోబెట్టి బిగించండి, సీలింగ్ ఫ్యాను సరిగ్గా నడినెత్తిన ఉండే చోట. ఎనిమిది అడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న బీరువాను లేపేటప్పుడు దాని మూల ఎనిమిది అడుగుల మూడంగుళాల దాకా వెళుతుంది. ఇది పైథాగరస్ చెప్పిందే, పదో తరగతిలో మనం చదివి వదిలేసిందే. ఫ్యాను రెక్క తగిలినప్పుడు బావమరిదివైపు చూడండి. ఫ్యాను తిరుగుతూ ఉండగా లేపమని ఇక్కడ చెప్పడం లేదు. అందాకా వెళ్లడానికి లేచి వెళ్లి స్విచ్ వెయ్యాలి, అది పని.

11. ఈ ఒక్కటి బద్ధకస్తుడు కూడా చెయ్యాలి: సొరుగుల బీరువాను గోడకు బిగించే బ్రాకెట్టు. 2016లో అమెరికాలో ఐకియా దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించనివి పిల్లల మీద పడి ప్రాణాలు పోయాయి. పిల్లలు సొరుగులను మెట్లనుకుని ఎక్కుతారు. ఆసుపత్రి, పోలీసు, కోర్టు చుట్టూ తిరగడం కంటే పెద్ద పని భూమ్మీద లేదు. ఆలోచించి చూస్తే అసలైన సోమరి దీన్ని అందరికంటే ముందు బిగిస్తాడు, అదీ పని తెలిసినవాణ్ని పిలిపించి. ఇక యథాప్రకారం చెడగొడదాం.

12. స్క్రూలు మిగులుతాయి. కంపెనీలు లెక్కపెట్టి ఇస్తాయి కాబట్టి పద్నాలుగు మిగిలాయంటే పద్నాలుగు చోట్ల ఉండవలసినవి అక్కడ లేవన్నమాట. "వాళ్లెప్పుడూ ఎక్కువే ఇస్తారు" అని ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి అటక మీద పెట్టండి. మంచం కిర్రుమన్న ప్రతి రాత్రీ "కొత్త చెక్క, సర్దుకుంటోంది" అనండి. ఈ మాట ఆరు నెలలు నడుస్తుంది.

13. వంకల విషయంలో మన దేశంలో పుట్టినవాడికి కొరత లేదు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, ఆ సమయంలో మంచం కాలు నిలబెట్టకూడదు. అంతకుముందు మధ్యాహ్నం నిద్ర, కిందింట్లో పెద్దాయన పడుకున్నారు, సుత్తి దెబ్బ కూడదు. ఆరు తర్వాత దీపాలవేళ. తల దక్షిణానికి పెట్టుకోవాలని అత్తగారంటారు, అటువైపే స్విచ్చుబోర్డు ఉంటుంది, ఫోన్ ఛార్జింగు పోతుంది, కాబట్టి సిద్ధాంతిగారిని అడగాలి. సిద్ధాంతిగారు ఊళ్లో ఉండరు. ఉంటే వేరే సిద్ధాంతిగారిని అడగండి.

14. మొత్తానికి పూర్తి చెయ్యకండి. దీనికి శాస్త్రం ఉంది. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు మనుషుల చేత అట్టపెట్టెలు బిగింపజేసి, కాగితం బొమ్మలు మడిపించి చూశారు. తమ చేత్తో చేసినదానికి మనిషి అసలు విలువకంటే ఎక్కువ కడతాడని తేల్చి దానికి ఐకియా ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. అయితే చేసినదాన్ని విప్పేసినా, మధ్యలో వదిలేసినా ఆ మమకారం పుట్టదట. ప్రమాదం ఎక్కడుందో చూశారా? పూర్తి చేశారో, ఆ మంచం మీద మీకు ప్రేమ పుడుతుంది. వచ్చే పోయే చుట్టాలకు చూపిస్తారు. దుమ్ము తుడుస్తారు. స్క్రూలు మళ్లీ మళ్లీ బిగిస్తారు. తండ్రికి పిల్లమీద ఉండే బలహీనత మొదలవుతుంది. ఎనభై శాతం దగ్గర ఆపెయ్యండి. నడుము పట్టుకుని "అమ్మా" అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు.

15. చివరికి కార్పెంటర్‌ను పిలుస్తారు. మీరు పిలవకండి, పిలవనివ్వండి. అతను వచ్చి మంచాన్ని ఒక్కసారి కదిపి చూసి "కిస్నే బనాయా సాబ్?" అంటాడు. బావమరిదిని చూపించండి. కార్పెంటర్ తల ఊపుతాడు, పెదవి విరుస్తాడు, దుకాణంవాళ్లు అడిగినదానికంటే ఎక్కువ చెబుతాడు. బేరమాడకండి. విముక్తి పత్రానికి స్టాంపు డ్యూటీ ఆ మాత్రం ఉంటుంది. అతను పలకలను చూసి ఇది ఇక నిలవదు, టేకుది చేయించుకోండి అంటే మరీ మంచిది. ఆ మాట ఫోనులో మామగారి చెవిన పడే ఏర్పాటు చెయ్యండి. "అల్లుడుగారికి ఇలాంటివి అలవాటు లేదు గదమ్మా" అని ఆయన అన్నారంటే కొత్త మంచం బయల్దేరినట్టే.

ఆ మంచం వచ్చేదాకా పరుపు నేలమీద వేసుకోండి. నడుముకు మంచిదని చెప్పే డాక్టరు ప్రతి వీధిలో ఒకడుంటాడు. పడకగదిలో మంచం లేదేమిటని చుట్టాలు అడిగితే మాసబ్ ట్యాంక్ పేటనే చూపించండి. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరున, అంటే అందరూ మా సాహెబా అని పిలిచే ఆవిడ పేరున, ఇక్కడొక చెరువుండేది. ఇప్పుడు అక్కడ చాచా నెహ్రూ పార్కు ఉంది. చెరువు లేకుండా మాసబ్ ట్యాంక్ ఇన్నాళ్లుగా నడుస్తుంటే, మంచం లేకుండా ఒక్క పడకగది నడవదా?

ఇంత చదివాక కూడా ఖర్మ కాలి మీ మంచం నిటారుగా, కిర్రుమనకుండా నిలబడిందనుకోండి. తలుపు దగ్గరగా వేసి, ఫోటో మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మూడో అంతస్తు వాళ్లు నిన్ననే రెండు డబ్బాలు దింపించుకున్నారు.